లీటరుకు ఇరవై మూడు

అమ్మ పోయిన నలభై మూడో రోజున నాయిన తనంత తానుగా నాతో ఒక మాట మాట్లాడాడు. అప్పటిదాకా నేను ఏదైనా అడిగితే తలూపడమో, "ఊఁ" అనడమో తప్ప ఆయన నోటి నుంచి ఇంకో మాట రాలేదు. ఆ రోజు మంజీర వంతెన దాటి ఎత్తు ఎక్కుతున్నాం. కారు నేను నడుపుతున్నాను. ఆయన పక్క సీట్లో ఉన్నాడు.

"క్లచ్ మీదికెల్లి కాలు తియ్యి" అన్నాడు.

తీశాను.

"ఊకె దాని మీద కాలు పెట్టి తోల్తే డీజిల్ నీళ్ల లెక్క తాగుతది."

ఆ తర్వాత మద్నూరు వచ్చేదాకా మళ్లీ ఏమీ అనలేదు.  ఆయన మాట్లాడినందుకు సంతోషపడాలి కదా అని ఆలోచించాను. సంతోషం రాలేదు. కాలు మాత్రం క్లచ్‌కు దూరంగా పెట్టుకున్నాను.

నాయిన ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బస్సు నడిపాడు. బాన్సువాడ డిపోలోనే చేరి, అక్కడే రిటైరయ్యాడు. డిపోలో ఎవరి బస్సు లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు పోయిందో ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టేవాళ్లు. ఆ కాగితంలో నాయిన పేరు ఎప్పుడూ పైన ఉండేది. అందుకు ఆయనకు ఒకసారి గోడ గడియారం ఇచ్చారు, ఒకసారి టిఫిన్ క్యారియర్, రెండుసార్లు శాలువా. పెళ్లిళ్లకు పోయినా, పండక్కి చుట్టాలొచ్చినా ఆయన మాట్లాడేది దాని గురించే. దూరం నుంచే చూసి కాలు తియ్యాలి, బ్రేకు మీద కాలు పడిందంటే అంతకుముందు కాల్చిన డీజిలంతా వృథా అయినట్టే అని చెప్పేవాడు. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వినేది. "బస్సు సంగతి చాలు గని, ఇంట్ల గ్యాస్ అయిపోయి రెండు దినాలాయె" అనేది. ఆయన నవ్వేవాడు. వాళ్లిద్దరి సంసారం ఎక్కువగా అట్లాంటి మాటలతోనే నడిచింది.

నేను మద్నూరు దాటాక మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఒక ఊళ్లోని ప్రభుత్వ దవాఖానలో ఫార్మసిస్టును. కిటికీ వెనక కూర్చుని చిట్టీ చూసి మాత్రలిస్తాను. నా పెళ్లి మూడేళ్లకే ముగిసిపోయింది. అప్పటి నుంచి బాన్సువాడలో అమ్మానాయినల దగ్గరే ఉంటున్నాను. ఐదేళ్ల కింద ఒక పాత డీజిల్ కారు కొన్నాను. పేరుకు నాది గానీ, నడిపేది నాయినే. పొద్దున నన్ను బస్టాండులో దింపేవాడు, సాయంత్రం తీసుకొచ్చేవాడు. నాకు లైసెన్సు ఉంది. ఊళ్లో కూరగాయలకు పోయేంత వరకే వచ్చు.

అమ్మ పోయిన రోజు ఆదివారం. వానాకాలం పంట కోతలు జరుగుతున్నాయి. పొద్దున వాకిలి ఊడ్చి వచ్చి గడపలో కూర్చుంది.

"ఎడమ చెయ్యి గుంజుతుందే" అంది.

ఆమె ముఖం మీద చెమట చూశాను. అది ఏమిటో నాకు తెలుసు. ఇంట్లో ఉన్న మాత్ర నమిలించి, ఊళ్లో దవాఖానకు తీసుకుపోయాం. ఈసీజీ తీశారు, ఇవ్వాల్సిన మందులు ఇచ్చారు. గుండె డాక్టరు ఉన్నచోటికి, నిజామాబాద్‌కు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు అప్పుడే వేరే మనిషి కోసం పోయింది, తిరిగి రావడానికి అరగంట పడుతుందన్నారు. నేను నాయిన కోసం చూశాను. ఆయన అప్పటికే కారును గేటు దగ్గరికి తెచ్చి, ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టాడు.

అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నిజామాబాద్‌లో ఉండే మేనమామకు ఫోన్ చేసి, బయలుదేరామని చెప్పాను. నాయిన బెల్టు పెట్టుకున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, ఎప్పటిలాగే నాలుగు క్షణాలు ఆగి, మొదటి గేరు వేశాడు.

వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుంటే, ముందు రెండు సీట్ల సందులోంచి స్పీడు చూపే ముల్లు కనిపిస్తుంది. ఊరు దాటాక అది అరవై దగ్గరికి వచ్చి నిలబడింది. అక్కడి నుంచి కదలలేదు.

రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్లు కాళ్లతో తిరగేస్తున్నారు. వడ్ల కుప్ప దూరంగా కనిపించగానే నాయిన కాలు తీసేవాడు. కారు దానంతటది నెమ్మదించేది. కుప్ప దాటాక మళ్లీ మెల్లగా అందుకునేది. ఒక్క కుదుపు లేదు. ఒక్కసారి గట్టిగా బ్రేకు పడలేదు. వర్ని దాటాక వడ్లు లేవు, బండ్లు లేవు. రోడ్డు ఖాళీగా, నేరుగా ఉంది. ముల్లు అక్కడా అరవై దాటలేదు.

నేను దాన్ని మూడుసార్లు చూశాను. మూడుసార్లు చూసినట్టు నాకు బాగా గుర్తుంది. ఏమీ అనలేదు. మా ఇంట్లో ఎవరూ నాయినకు బండి ఎట్లా నడపాలో చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఆ రోజు కూడా చెప్పలేదు. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. ఇట్లాంటి నొప్పిలో నిమిషానికి ఉండే విలువ ఆ కారులో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

అమ్మ ఒక్కసారి "దప్పికైతుంది" అంది. తడి గుడ్డతో పెదవులు తుడిచాను.

ఆసుపత్రి ముందు దిగగానే మేనమామకు మళ్లీ ఫోన్ చేశాను. అమ్మను లోపలికి తీసుకుపోయారు. నాయిన కారు పక్కకు పెట్టి వస్తానని పోయాడు. ఎంతసేపటికో కుర్ర డాక్టరు ఒకతను బయటికి వచ్చాడు. మాస్కు కిందికి లాగి, చాలా మర్యాదగా చెప్పాడు.

"కొంచెం ముందు వచ్చి ఉంటే ఇంకొంత ప్రయత్నం చేయడానికి వీలుండేదమ్మా."

అప్పుడు నాయిన వచ్చాడు. చేతిలో తాళం చెవి ఉంది.

"పోయింది నాయినా" అన్నాను.

"బండి నీడకు పెట్టిన" అన్నాడు.

డాక్టరు అన్న మాట నేను నాయినకు చెప్పలేదు. మేనమామకూ చెప్పలేదు. కర్మకాండలన్నీ జరిగాయి. వచ్చినవాళ్లు నన్ను చూసి, గట్టి మనిషి, తండ్రిని పట్టుకుని నిలబడింది అన్నారు. నేను ఎవరినీ పట్టుకోలేదు. ఏడుపు రాలేదు, అంతే. అన్నం తింటే ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. పొద్దున లేవగానే ఇది ఏ వారమో గుర్తు తెచ్చుకోవడానికి కొంతసేపు పట్టేది.

నాయిన కారు తాళం చెవిని మేకుకు తగిలించి మళ్లీ ముట్టలేదు. సెలవు అయిపోయి నేను డ్యూటీకి పోవాల్సిన రోజు వచ్చింది. బస్సు పట్టుకోవడానికి నడిచిపోయే ఓపిక లేక తాళం చెవి తీసుకుని కారు దగ్గరికి పోయాను. ఎట్లా నడుపుతానో అన్న భయం కూడా లేదు. డోరు తీసేసరికి నాయిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. ఇంట్లో ఒక్కడూ ఉండలేడని అర్థమైంది.

అప్పటి నుంచి రోజూ వచ్చాడు. పోను రాను తొంభై కిలోమీటర్లు. పగలంతా నా కిటికీ ముందున్న బల్ల మీద కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ను రోగి అనుకుని, "పెద్దాయనా, చిట్టీ రాయించుకున్నవా?" అని అడిగేవాళ్లు. మరాఠీలో అడిగినా, తెలుగులో అడిగినా తల అడ్డంగా ఊపేవాడు.

క్లచ్ మాట అన్న రెండో రోజు ఆయన బంకు దగ్గర కారు ఆపించాడు.

"ట్యాంకు నిండ కొట్టియ్యి. గన్ను దానంతటది కట్టయ్యేదాక. మీద చుక్క పోయొద్దు."

రీడింగు ఎంతుందో తన చిన్న డైరీలో రాసుకున్నాడు. నాలుగు రోజులు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ నిండా కొట్టించాడు. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాడు. పదిహేను వచ్చింది. ఆయన చేతిలో ఇదే కారు ఇరవై ఒకటి ఇచ్చేది. నాయిన ముఖంలో ఏదో కదిలింది. దాదాపు అసహ్యం లాంటిది. ఇన్ని రోజులుగా ఆ ముఖంలో ఏమీ చూడలేదు కాబట్టి, అదైనా నయమే అనుకున్నాను.

"నేర్పు నాయినా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఇంకేం మాట్లాడాలో తెలియక అని ఉంటాను.

ఆయన నేర్పాడు. ఇంజన్ అరిచేదాకా ఆగకుండా ముందే పై గేరు వెయ్యాలి. డీజిల్ ఇంజన్‌కు కింది స్పీడులోనే బలం ఉంటుంది. మంజీర వైపు దిగుడులో బండిని న్యూట్రల్ చెయ్యకూడదు. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజన్ డీజిల్ తీసుకోవడమే మానేస్తుంది. ముందు లారీ ఉంటే దాని వెనకే తగిలి పోకూడదు, ఖాళీ ఇడవాలి, అప్పుడు బ్రేకు అవసరం పడదు. ఎవరికోసమైనా ఆగితే ఇంజన్ బంద్ చెయ్యాలి. ఇవన్నీ ఆయన ఒక్కరోజే చెప్పలేదు. రోజుకొక మాట, రెండు మాటలు. ఆ మాటలన్నీ నా పాదం గురించే. ఆయన కళ్లు రోడ్డు మీద ఉండేవి, చెవి ఇంజన్ మీద ఉండేది.

ఒక సాయంత్రం ఇంటి ముందు దిగాక ఆయన వంగి వెనక ఎడమ చక్రం మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇటు రా. కుడిదాని మీద చెయ్యి పెట్టు."

పెట్టాను. గోరువెచ్చగా ఉంది.

"ఇగ దీని మీద పెట్టు."

అది కాలుతోంది. చెయ్యి తీయడానికి నాకు కొంచెం ఎక్కువ సమయం పట్టింది. నాయిన నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగాడు.

"కాల్తుందని ఎరుకైత లేదా నీకు?"

"అయింది."

"బ్రేకు పట్టేస్తుంది. ఇంజన్ గుంజుతుంటే ఇది ఎన్కకు గుంజుతుంది."

మరునాడు బోధన్ రోడ్డులో ఉన్న మెకానిక్ దగ్గరికి పోయాం. నాయిన డ్యూటీ చేసేటప్పటి నుంచి ఎరుగున్న మనిషి. అమ్మ సంగతి ఆయనకూ తెలుసు.

"డ్రైవర్ సాబ్, ఎన్ని దినాలాయె మిమ్మల్ని చూసి" అన్నాడు.  చక్రం విప్పి బిగుసుకున్న బ్రేకు సవరించాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకు తడితే పొట్టు, వడ్ల దుమ్ము రాలింది. కోతల నాటి దుమ్మంతా అందులోనే ఉంది.

"మేడం, బండికి ఊపిరాడితేనే కదా మైలేజ్ ఇచ్చేది" అని కొత్త ఫిల్టర్ వేశాడు. నాలుగు టైర్లలోనూ గాలి తక్కువగా ఉంది. నింపాడు. కారు మీదున్న సామాను కట్టే కమ్ములు గాలికి అడ్డం పడతాయని నాయిన వాటినీ విప్పించాడు.

"డిక్కీల బరువు ఏమన్న ఉందా చూడు" అన్నాడు.

డిక్కీ తీశాను. ఒక బట్టల సంచి ఉంది. ఆసుపత్రిలో మాకు తిరిగి ఇచ్చిన సంచి. లోపల దుప్పటి, సగం నీళ్లున్న సీసా, అమ్మ చెప్పులు. దాన్ని అందులో పెట్టింది నేనే అయ్యుండాలి, పెట్టిన గుర్తు లేదు. నేను డ్యూటీలో చేరినప్పటి నుంచి మాతో పాటు రోజూ మద్నూరు పోయి వస్తోంది.

నాయిన నా భుజం మీదుగా చూశాడు.

"ఇదెంత బరువుంటది" అన్నాడు. డిక్కీ మూసేశాడు.

ఆ తర్వాత లెక్క పెరుగుతూ పోయింది. పదిహేడున్నర, పంతొమ్మిది, ఇరవై ఒకటి. బిచ్కుందలో మా దవాఖాన నర్సు ఎక్కేది. అక్కడికి దగ్గరి తండా పిల్ల. వెనక కూర్చుని వాళ్లమ్మతో ఫోన్‌లో వాళ్ల భాషలో మాట్లాడేది. ఆ భాష నాకు రాదు గానీ, ఆ అమ్మాయి వాళ్లమ్మను రోజూ ఒకే విషయానికి కసురుకుంటోందని తెలిసేది. బీపీ మాత్ర గురించి.

"అక్కా, ట్రాక్టర్లు గూడ మనల్ని దాటిపోతున్నయి" అంది ఒకరోజు.

"టైంకు పోతున్నం గదా."

"పోతున్నం. ఊకెనే అన్న."

మేం రోజూ ఐదు నిమిషాలు ముందే బయలుదేరేవాళ్లం. అరవై దాటేదాన్ని కాదు. నా పాదానికి పని దొరికింది. గంట పోను, గంట రాను నా తలలో ముందున్న బండి, దిగుడు, గేరు, ఇవే ఉండేవి. వేరే ఏదీ ఉండేది కాదు. ఆ రెండు గంటలు నాకు బాగుండేవని చెప్పలేను. మిగతా గంటల కంటే ఖాళీగా ఉండేవి. ఇరవై మూడు వచ్చిన రోజు నాయిన రెండుసార్లు భాగించి చూసుకున్నాడు. డైరీ నాకు చూపించాడు. "బాగుంది" అన్నాను. ఆయన తలూపాడు. ఇద్దరం ఇంటికొచ్చి పొద్దుటి చారు వేడి చేసుకుని తిన్నాం.

ఎండాకాలం మొదట్లో జిల్లా గోదాము నుంచి మందులు తేవడానికి నన్ను నిజామాబాద్ పంపారు. అమ్మ పోయాక ఆ రోడ్డు మీదికి పోలేదు. ఆ రోజే బిచ్కుందలో దగ్గరివాళ్లింట్లో కర్మ ఉంటే నాయిన బస్సులో అటు పోయాడు. కారులో నేనొక్కదాన్నే.

ఊరు దాటాక తొక్కాను. ముందే అనుకుని చేసిన పని కాదు. పాదం పోయింది, నేను పోనిచ్చాను. ఎనభై, తొంభై. వర్ని దాటాక వంద. ఇంజన్ అరుస్తోంది. కుదుపులకు పక్క సీట్లో పెట్టిన ఫైలు జారి కింద పడింది. రోడ్డు మీద వడ్లు లేవు, కోతలకు ఇంకా టైముంది. ఆసుపత్రి ముందు ఆపి ఫోన్‌లో టైము చూశాను.

ఆ ఆదివారం మేనమామకు చేసిన రెండు కాల్స్ టైములు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. బయలుదేరినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి. మధ్యలో గంటా ఆరు నిమిషాలు. ఇప్పుడు యాభై మూడు నిమిషాలు పట్టింది.

పదమూడు నిమిషాలు తేడా.

ఫోన్ పక్క సీట్లో పెట్టాను. ఆసుపత్రి గేటులోంచి లోపలికి పోయేవాళ్లను చూస్తూ కూర్చున్నాను. వెనక ఆటో అతను హారన్ కొడితే పక్కకు తీశాను. గోదాముకు పోయి పెట్టెలు లెక్కచూసుకుని సంతకం పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు మామూలుగానే వచ్చాను.

మూడు రోజుల తర్వాత పొద్దున బంకులో డీజిల్ కొట్టించాం. నాయిన డైరీ తీసి భాగించాడు. మళ్లీ భాగించాడు. కారు బయటికి తెచ్చి రోడ్డెక్కాక అడిగాడు.

"పంతొమ్మిది వచ్చింది. బండికి ఏమన్నయిందా?"

"ఏం కాలేదు."

"గాలి బాగనే ఉంది. చక్రం గూడ పట్టుత లేదు, నిన్న చూసిన."

పై గేరు వేశాను. కొంచెం దూరం పోయాక ఆయనే అన్నాడు.

"నిజామాబాద్ తొందరగ పోయినవా?"

"పోయిన."

"ఎంత సేపట్ల?"

"యాభై మూడు నిమిషాలు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. లెక్క చేస్తున్నాడని తెలుస్తోంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ రోడ్ల మీద టైము చూసుకుంటూ తిరిగిన మనిషికి అది పెద్ద లెక్క కాదు. మంజీర వంతెన వచ్చింది, దాటాం.

"ఆ దినం మనకు ఎంత పట్టింది?" అన్నాడు.

"గంటా ఆరు."

"పదమూడు."

"ఆఁ."

"పక్కకు ఆపు."

ఆపాను. ఆయన దిగలేదు. చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"డాక్టర్ నీతోని ఏమన్నడు? నేను బండి పెట్ట పోయినప్పుడు."

అబద్ధం చెప్పొచ్చు. నోట్లోకి కూడా వచ్చింది. కానీ ఇన్ని నెలలుగా ఆయన నాకు చెప్పిన మాటలన్నీ నిజాలే. గేరు గురించైనా, గాలి గురించైనా.

"కొంచెం ముందు తెస్తే ఇంక కొంత చూస్తుంటిమి అన్నడు."

"బతుకుతుండె అన్నడా?"

"అట్ల అనలే."

"నువ్వు మందుల మనిషివి. నీకేమనిపిస్తుంది?"

"నాకు ఎరుక లేదు నాయినా. బతకొచ్చు, బతకకపోవచ్చు. నిజంగనే ఎరుక లేదు."

ఒక లారీ మమ్మల్ని దాటి పోయింది. కారు కొంచెం ఊగింది.

"తొక్కాలనే అనుకున్న" అన్నాడు. "ఊరు దాటంగనే అనుకున్న. కాలు పోలే. ఎన్క బస్సునిండ జనం కూసున్నట్టే తోలిన. ఎందుకో నాకే తెల్వదు."

"నేను ముల్లు చూసిన నాయినా. మూడుసార్లు చూసిన."

ఆయన నా వైపు తిరిగాడు.

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు తోల్తున్నవ్ గదా."

బెల్టు విప్పుకున్నాడు. తర్వాత, కోపం లేకుండా, ఒక సంగతి తెలియజేస్తున్నట్టు అన్నాడు.

"చెప్తే ఇంటుంటి బిడ్డా."

డోరు తీసుకుని దిగిపోయాడు. రోడ్డు పక్కన చేనుగట్టు మీద నిలబడ్డాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. బంద్ చెయ్యమని ఆయన అనలేదు. నేనూ చెయ్యలేదు. స్టీరింగు పట్టుకుని ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఏడవడం లేదు. ఊరికే నిలబడ్డాడు. పది నిమిషాలకు వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"పా. ఆ పిల్ల బిచ్కుందల నిలబడి ఉంటది."

ఆ పిల్ల నిజంగానే ఎండలో నిలబడి ఉంది. "ఏమైందక్కా?" అంది. ఆలస్యమైంది అన్నాను. ఆ రోజు దవాఖానలో ఒకామెకు పొరపాటున తక్కువ మాత్రలిచ్చి, వెనక్కి పిలిచి మిగతావి ఇచ్చాను.

తర్వాత నాలుగు రోజులు నాయిన నాతో రాలేదు. తలుపు దగ్గర నిలబడి నేను కారు తీయడం చూసేవాడు. ఐదో రోజు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. డైరీ తేలేదు. నేను అడగలేదు. బంకులో నేనే రీడింగు చూసుకునేదాన్ని, కొన్నిసార్లు మరిచిపోయేదాన్ని. అరవై దాటాలనుకుంటే దాటేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. కొన్ని రోజులు దవాఖానకు రాకుండా బిచ్కుంద బజారులో దిగి, పాత కండక్టరు ఒకాయన కిరాణా దుకాణం దగ్గర కూర్చుని, సాయంత్రం నేను తిరిగి వచ్చేటప్పుడు ఎక్కేవాడు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే "ఏముంటది, పాతయి" అన్నాడు.

మా మధ్య తేలికైందని చెప్పలేను. బరువు పెరిగిందనీ చెప్పలేను. దాచిన మాట ఒకటి బయటికొచ్చింది, అంతే. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండాలి, పొద్దున్నే లేవాలి.

వానలు మొదలయ్యాక ఆయన కుడి కంటికి పొర వచ్చిందన్నారు. ఆపరేషన్‌కు నిజామాబాద్ తీసుకుపోయాను. ఇద్దరం కలిసి ఆ రోడ్డు మీద పోవడం అమ్మ పోయాక అదే మొదటిసారి. రెండు పక్కలా నాట్లు వేస్తున్నారు. ఆయన కిటికీలోంచి నాట్లు చూస్తూ కూర్చున్నాడు. ఆపరేషన్ అరగంటలో అయిపోయింది. కంటికి పట్టీ వేసి, గంటసేపు కూర్చోబెట్టి పంపించారు.

తిరిగి వస్తుంటే వర్నిలో, "ఆపు, చాయ తాగుదాం" అన్నాడు. రోడ్డు పక్క చాయ బండి దగ్గర ఆపాను. వాన పడి వెలిసింది. బండి ఆయన అప్పుడే మిరపకాయ బజ్జీలు తీస్తున్నాడు. నాయిన ఒక ప్లేటు చెప్పి, నా వైపు చూసి రెండు చెయ్యమన్నాడు. నాకు అక్కర్లేదు అనబోయాను. ప్లేటు చేతికి వచ్చాక తిన్నాను. కారంగా ఉంది, కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇంకో నాలుగు వేయించుకున్నాను. ఆకలి అంటే ఇట్లా ఉంటుందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

"మీ అమ్మ బయట బజ్జీలు తిననిచ్చేది కాదు" అన్నాడు నాయిన. "నూనె మంచిది కాదనేది."

"దొంగతనంగ తినేటోనివి గదా."

"ఆమెకు ఎరుకనే" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. డాక్టరు చెప్పినట్టు ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టాను. చుక్కల మందు సీసాలు రెండు, ఒకటి నాలుగుసార్లు, ఒకటి ఆరుసార్లు వేయాలి. చేతులు కడుక్కుని, గుర్తుండేందుకు సీసాల మీద పెన్నుతో అంకెలు రాశాను. ఆయన అప్పటికే నిద్రపోయాడు. ఫ్యాను తగ్గించి, బియ్యం కడగడానికి వంటింట్లోకి పోయాను.